ముప్పై ఆరు గడపలు

తలుపు తీసే ముందు సిద్దమ్మ ఒకసారి దగ్గుతుంది. లోపల ఎవరూ లేరని ఆమెకు తెలుసు. ఆ ఇంటి తాళంచెవి ఆమె నడుముకు వేలాడే గుత్తిలోనే ఉంది. అయినా పరాయి ఇంట్లోకి చెప్పాపెట్టకుండా పోకూడదని ఒంటికి పట్టిన మర్యాద అది. దగ్గి, లోపలినుంచి ఎవరైనా పలుకుతారేమోనన్నట్టు కొంచెంసేపు ఆగి, అప్పుడు తాళం తీస్తుంది.

ఆరో నంబరు ఇంటి వసారాలో దండెం మీద మగవాళ్ల చొక్కా ఒకటి, చిన్నపిల్ల గౌను ఒకటి ఉన్నాయి. రెండూ తీసి భుజాన వేసుకుంది. నిన్న పదో నంబరు నుంచి తెచ్చిన చీరను వాటి చోట ఆరేసింది. గడప పక్కనున్న చెప్పులజతను వంగి అటుదిటు తిప్పింది. నిన్న అవి ఇంట్లోకి చూస్తూ ఉన్నాయి. ఈ రోజు బయటికి చూడాలి. ఇంటి మనిషి రాత్రి వచ్చి పడుకుని, తెల్లారి మళ్లీ పనికి పోబోతున్నట్టు. లోపల పొయ్యి రాళ్లమీద బోర్లించిన గిన్నెను వెల్లకిలా పెట్టి, మళ్లీ తాళం వేసింది.

తర్వాత గడప ముందు చెంబెడు నీళ్లు చల్లింది. అంతకు మించి చల్లడానికి లేదు. ఒక బకెట్టు నీళ్లు పన్నెండు ఇళ్లకు రావాలి. తడి ఆరకముందే ముగ్గుపిండి వేళ్ల మధ్య పట్టుకుని చుక్కలు పెట్టింది. మూడు ప్రమిదలు, మూడు వత్తులు. మూడు వత్తుల మొనలూ గడప వైపే చూస్తాయి. వెలుగు ఇంట్లోకి పోవాలని వాళ్లమ్మ నేర్పిన ముగ్గు అది. సిద్దమ్మకు వేరే ముగ్గులూ వచ్చు. కానీ ముప్పై ఆరు ఇళ్లు తిరిగేసరికి నడుము వేరే ముగ్గును ఒప్పుకోదు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి పోతే, నాపరాయి తేలిన గుట్ట కింద ఆ కాలనీ ఉంది. మొత్తం ముప్పై ఎనిమిది ఇళ్లు. పట్టాలిచ్చారు. ఇళ్లు కట్టారు. ముందు గోడలన్నిటికీ ఒకే నీలం రంగు పూశారు. మనుషులు మాత్రం రాలేదు. పట్టాలు వచ్చినవాళ్లు ప్రొద్దుటూరులో మగ్గాల మీద, బట్టలంగళ్లలో, హోటళ్లలో బతికేవాళ్లు. ఇక్కడ కాపురముంటే సగం కూలి ఆటోకే పోతుంది. కాలనీకి ఉన్నది ఒక్క చేతిబోరు. యాభైసార్లు కొడితే బిందె నిండుతుంది, మళ్లీ గంటసేపు నీళ్లు రావు. మంగళవారం, శుక్రవారం ట్యాంకరు వస్తుంది. పెన్న నుంచి పైపులైను వేస్తామన్న మాట ఇళ్ల కంటే ముందే పుట్టింది. ఇళ్లు పూర్తయ్యాయి గానీ పైపులైను మాటగానే ఉండిపోయింది. అందుకని జనం ఊళ్లో బాడుగ గదుల్లోనే ఉండిపోయారు.

వచ్చినవి రెండే ఇళ్లు. సిద్దమ్మ, ఆమె భర్త సంజీవయ్య వచ్చింది గొర్రెల కోసం. ఇరవై గొర్రెలున్నవాళ్లకు ఊళ్లో ఎవరు ఇల్లిస్తారు? పక్కింటి ఖమ్రున్నీసాకు భర్త లేడు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. నైటీలు కుట్టే మిషను ఎక్కడుంటే ఆమెకు అదే ఊరు.

ముగ్గులు పూర్తయ్యేసరికి సురేంద్ర బండి వచ్చి ఆగింది. ఈ ఇళ్లలో ముప్పావు వంతు కట్టిన కంట్రాక్టరు అతనే. కాపురం లేని ఇళ్ల పట్టాలు రద్దు చేసి వేరేవాళ్లకు ఇస్తారన్న మాట పుట్టగానే ఇళ్లవాళ్లు అతని దగ్గరికి పరుగెత్తారు. అతను సిద్దమ్మ దగ్గరికి వచ్చాడు. నెలకు ఇంతని ఒప్పందం. ఇరవై రోజులుగా ఆమె ముప్పై ఆరు ఇళ్లలో కాపురం నడుపుతోంది.

సురేంద్ర బండి మీదనుంచే చూపుడువేలు చాచాడు. "అత్తా, ఇరవై రెండో నంబరు కాడ మూడు దినాల్నుంచి అదే చీర ఉండాది. చూసేటోడు ఏమనుకుంటాడు, ఈయమ్మకు ఇంకో చీరే లేదా అనుకోడా?"

"లేదేమో నాయనా. ఉంటే ఈడ పట్టా ఎందుకిస్తారు?"

సురేంద్ర నవ్వాడు. "శనివారం వస్తారంట చెకింగుకు. ఆ పొద్దు ఇండ్లోళ్లను నేనే ఆటోల్లో తోలుకొస్తా. అంతవరకు నువ్వు ఇడవాకు."

సిద్దమ్మ చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంది. "నాకు భయమైతాండాది సురేంద్రా."

"ఏం భయం? దయ్యాలా?"

"దయ్యాలైతే మేలే. ముగ్గంటే లచ్చుమమ్మను పిలిచేది గదప్పా. పిలిచినంక ఆయమ్మ వచ్చి నిలబడితే తలుపు తీసేటోళ్లు ఎవురుండారు?"

"తాళాలన్నీ నీ కాడే ఉండాయి గదా. నువ్వే తీయి," అని బండి తిప్పుకుని పోయాడు.

బండి చప్పుడు పోయాక కాలనీ మళ్లీ మామూలుగా అయింది. గుట్ట మీదనుంచి గాలి దిగింది. దండేల మీద చొక్కాలు ఒక్కసారిగా పొట్టలు ఉబ్బించుకుని, చేతులు ఎత్తి, దించాయి. సంజీవయ్య గొర్రెలను తోలుకుని ఖాళీ ఇళ్ల వీధిలోకి తిప్పాడు. గొర్రెలు వీధి మొదట్లోనే ఆగిపోయి, ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చాయి. రోజూ అంతే. తడి నేలను చూస్తే నాలుక చాచే గొర్రెలు ఆ వీధిలో మాత్రం అడుగు వేయవు. సంజీవయ్య ఎప్పటిలాగే వాటిని వెనక్కి మళ్లించి చుట్టుదారిన తీసుకుపోయాడు.

ఆ సోమవారం మధ్యాహ్నమే తొండూరు నుంచి ఫోను వచ్చింది. సంజీవయ్య అన్న చనిపోయాడు. పొలంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. సంజీవయ్య ఫోను చెవికి పెట్టుకునే వసారాలో కూలబడ్డాడు. సిద్దమ్మ లోపలికి పోయి, గండి ఆంజనేయస్వామి పటం ముందున్న దీపాన్ని చూసింది. అది అప్పటికే కొండెక్కి ఉంది. ఉతికిన తువ్వాలు తెచ్చి పటం మీద కప్పింది. అన్నదమ్ముల మైల. పదకొండో దినం దాకా ఈ ఇంట్లో దీపం లేదు, గడప ముందు ముగ్గు లేదు. ఆమె ముగ్గుపళ్లెం కూడా ముట్టకూడదు.

బస్సుకు ఇంకా గంట ఉంది. సిద్దమ్మ ఖమ్రున్నీసా ఇంటి ముందు నిలబడింది.

"ఖమ్రూ, మేం తొండూరుకు పోతాండాం. నేను మూడోనాటి పని చూసుకొని వచ్చేస్తా. మా ఇంటాయన దినాలయ్యేదాకా ఆడ్నే ఉంటాడు. గొర్రెలు చూస్తావా?"

"అది అడగల్లనా అక్కా?" ఖమ్రున్నీసా మిషను ఆపి లేచి వచ్చింది. "ముగ్గులెట్ల మరి?"

"అదే చెప్పొచ్చింది. నువ్వే వేయల్ల."

"నేనా? మా ఇండ్లల్లో యాడుంది ముగ్గు? నాకేమొస్తాది?"

"గోరింటాకు పెడ్తావు గదా, ఆడోళ్ల చేతులన్నీ నింపుతావు. ఆ చేతికి ఇదెంత."

సిద్దమ్మ పిండి ముట్టకుండా, నేల మీద గులకరాళ్లు పేర్చి చూపించింది. ఇక్కడ చుక్క, ఇక్కడినుంచి ఇక్కడికి గీత, ఇది ప్రమిద, ఇది వత్తి. ఖమ్రున్నీసా ఎదురుగా గొంతుక్కూర్చుని, పెదవులు కదిలిస్తూ, వేలితో గాలిలో గీస్తూ నేర్చుకుంది.

"మా ఇంటి ముందర మాత్రం వేయొద్దు. మైలింటి ముందర ముగ్గుండగూడదు."

"మరి ఆ ఇండ్ల ముందర? నీ చేతి మీద నడిచేటియే గదా అవి కూడా?"

"ఆ ఇండ్లకేం మైల. మనుషులుంటే గదా చావు," అంది సిద్దమ్మ. అని, తానన్న మాటకు తానే ఎందుకో వెనక్కి తిరిగి వీధి వైపు చూసింది.

గురువారం ఉదయం ఆమె బస్సు దిగి, రోడ్డు మీదనుంచి రెండు మైళ్లూ నడిచి వచ్చింది. మూడు రోజులు ఏడ్పులు, పలకరింపులు, జనం. ఇక్కడ తన అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాలనీ మొదటి ఇంటి ముందు ఆగింది. నీళ్లు చల్లి ఉన్నాయి. ముగ్గు ఉంది. ఖమ్రున్నీసా చేయి మంచి చేయి. గీత ఎక్కడా వణకలేదు. కానీ ఏదో తేడాగా ఉంది. సిద్దమ్మ పక్కింటికి పోయింది. అక్కడా అంతే. మూడో ఇంటి ముందు తెలిసింది.

దీపాలు తలకిందులుగా ఉన్నాయి. మూడు వత్తులూ వీధి వైపు చూస్తున్నాయి. ఆ పొద్దు ఖమ్రున్నీసా ఎదురుగా కూర్చుని నేర్చుకుంది. తాను చూసిన వైపునుంచే వేసింది.

సిద్దమ్మ వీధి మధ్యలో నిలబడి రెండు పక్కలా చూసింది. ఇటు పద్దెనిమిది, అటు పద్దెనిమిది. బయటివాళ్లు వచ్చి ఇంటి వైపు తిరిగి వేసిన ముగ్గుల్లా లేవు అవి. లోపల ఉన్నవాళ్లు గడప దాటి వచ్చి, వంగి, వీధికేసి చూస్తూ వేసి మళ్లీ లోపలికి పోయినట్టున్నాయి. తలుపులకు తాళాలు అట్లాగే ఉన్నాయి. చెప్పులు కూడా బయటికే చూస్తున్నాయి. ఆమె అడుగు తొందరైంది.

ఖమ్రున్నీసా మిషను మీదనుంచి తలెత్తింది. "బాగుండాయా అక్కా?"

"బాగుండాయి," అంది సిద్దమ్మ. దిద్దాలంటే పళ్లెం ముట్టాలి. చెప్పి దిద్దించవచ్చు. కానీ ఎండలో మూడు రోజులు వంగిన ఆ నడుమును చూశాక చెప్పబుద్ధి కాలేదు.

మరుసటి రోజు శుక్రవారం. సిద్దమ్మ ఇంటికి తాళం వేసి గొర్రెలను గుట్ట మీదికి తోలింది. పొద్దు నెత్తిమీదికి రాబోతుండగా తుమ్మచెట్టు నీడన కూర్చుని, ఊరికే కిందికి చూసింది.

కాలనీ నిండా మనుషులున్నారు.

ఆమె లేచి నిలబడింది. కళ్లకు చేయి అడ్డం పెట్టుకుంది. ప్రతి ఇంటి ముందూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. గడపకు ఆనుకుని, చేతులు కిందికి వేలాడేసి, కదలకుండా. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నీళ్లకు పోవడం లేదు. చీరల రంగులు తప్ప మొహాలు ఆనడం లేదు. వీధిలో చిన్న గుంపు ఒకటి ఒక్కో ఇంటి ముందు ఆగుతూ నడుస్తోంది. ఆ గుంపు ఏ ఇంటిని దాటితే ఆ ఇంటి ముందున్న మనిషి మాయమవుతోంది. ఒక్క క్షణం సిద్దమ్మకు తాను పిలిచినవాళ్లే వచ్చారనిపించింది. ఇన్ని రోజులు దగ్గి, చెప్పులు తిప్పి, గిన్నెలు వెల్లకిలా పెట్టి పిలిస్తే, చివరికి వచ్చి నిలబడ్డారనిపించింది. "ఆంజనేయా," అంది పైకే.

అప్పుడు కాలనీ చివర వరసగా ఆగిన ఆటోలు, వాటిలోకి ఎక్కుతున్న చీరలు కనిపించాయి. చెకింగు. శనివారం కాదు, ఈ రోజే.

గొర్రెలను మళ్లించి, రాళ్లమీద జారుతూ దిగేసరికి ముప్పావు గంట పట్టింది. వీధిలో ఎవరూ లేరు. ఆటోల దుమ్ము ఇంకా అణగలేదు. ఆమె ఇంటి తలుపు మీద తెల్లకాగితం అంటించి ఉంది. ఖమ్రున్నీసా ఆ కాగితం ముందే నిలబడి ఉంది.

"నేను చెప్పినా అక్కా. అల్లా మీద ప్రమాణం చేసి చెప్పినా. ఈయమ్మ ఈడ్నే ఉంటాది, గొర్రెల ఎంబడి పోయింది అని. ఆ పెద్దసారు ఏమన్నాడో తెలుసా? మిగతా ఇండ్ల ముందరంతా నీళ్లు చల్లి ముగ్గులుండాయి, గుడ్డలారేసుండాయి, ఈ ఇంటికి ముగ్గు కూడా లేదు, తాళం పడుండాది, ఇది కాపురమున్న ఇల్లేనా అన్నాడు." ఆమె కుడిచెయ్యి ముందుకు చాపింది. "ఆ ముగ్గులు వేసిన చెయ్యి ఇదే సార్ అని నోటిదాకా వచ్చింది. ఎట్ల చెప్పేది?"

సిద్దమ్మ కాగితాన్ని చేత్తో తడిమింది. "ఏం రాసినారు?"

"నివాసం లేదు అని. సోమవారం మళ్లీ ఒకసారి చూస్తారంట. అప్పుడు కూడా కాపురమున్నట్టు కనపడకపోతే పట్టా తీసేస్తారంట."

సాయంత్రం సురేంద్ర ఫోను చేశాడు. తేదీ మారిందని పొద్దున్నే తెలిసిందట. ముప్పై ఆరు మందిని పోగుచేసి, వాళ్ల దగ్గరున్న రెండో తాళంచెవులతో తలుపులు తీయించే హడావిడిలో ఆమెకు చెప్పడం మరిచాడట. "నువ్వు ఈడ ఉండేదానివే గదా, నీకు చెప్పేదేముంది అనుకున్యా అత్తా. ఏం గాదులే. సోమవారం అనురాధ అని ఒకామె వస్తాది. ఆ పొద్దుకు ముగ్గేసి, రెండు గుడ్డలారేసి, గడప కాడ నిలబడు. ఫొటో తీసుకొని పోతాది."

"మైల్లో ముగ్గు ఎట్ల వేసేది నాయనా?"

"అబ్బ, ఒక్క పొద్దుకేనత్తా. ఫొటో తీసినంక తుడిచెయ్యి. దేవుడు ఫోన్లో చూస్తాడా?"

ఆదివారమంతా సిద్దమ్మ ఆ మాటే నమిలింది. దేవుడు ఫోనులో చూడడు. నిజమే. కానీ ఇన్ని రోజులూ ముప్పై ఆరు అబద్ధపు ముగ్గులు వేసినప్పుడు చూడనివాడు, ఈ ఒక్క ముగ్గు దగ్గరే చూస్తాడని తనకెందుకు భయం? ఇల్లు పోతే గొర్రెలతో ఎక్కడికి పోవాలి? సంజీవయ్య దినాలు చేసుకుని తిరిగొచ్చేసరికి గుమ్మానికి వేరే తాళం ఉంటే? ఆమె అటక మీద ముగ్గుపళ్లెం ఉన్న చోటికి పోయింది. చేయి చాపింది. తువ్వాలు కప్పిన పటం పక్కనే ఉంది. బావ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయిన పొలం గుర్తొచ్చింది. తాను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన గొర్రెపిల్లను తెచ్చి ఒడిలో పెట్టి, ఇది నీదమ్మా అన్నాడు. ఇప్పుడున్న మంద అంతా ఆ పిల్ల సంతతే. చేయి వెనక్కి వచ్చింది.

"నేనే వేస్తా అక్కా," అంది ఖమ్రున్నీసా సాయంత్రం గొర్రెలకు నీళ్లు పెడుతూ. "మీ మైల నాకేమంటుకోదు. పాపమైతే నా పేరు రాసుకోమను."

"నీ చేతిది గాదు ఖమ్రూ. గడప మాది."

సోమవారం పదిగంటలకు స్కూటీ వచ్చింది. అనురాధకు ఇరవై అయిదేళ్లుంటాయి. మొహమంతా చున్నీ చుట్టుకుని, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చున్నీ విప్పి, ఖాళీ గడప వైపు చూసి నొచ్చుకుంది.

"ఏందమ్మా, ముగ్గెయ్యకపోతివి? సురేంద్ర చెప్పలేదా?"

"చెప్పినాడు తల్లీ. ఎండలో పడొచ్చినావు, ముందు నీళ్లు తాగు."

సిద్దమ్మ లోపలికి పోయి కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అనురాధ ఒక కాలు గడప లోపల పెట్టి, చేయి చాపి గ్లాసు అందుకుంది. అందుకుంటూనే ఇంటిని చూసింది. పొయ్యి వెనక గోడ నల్లబడి ఉంది. గొంగడి మడత పెట్టి ఉంది. ఉల్లిపాయల బుట్ట, సగం తిన్న రొట్టె మీద బోర్లించిన పళ్లెం, మూలన కాలు విరిగిన గొర్రెపిల్లకు కట్టిన గుడ్డపీలిక. ఆమె చూపు గోడ మీదికి పోయింది.

"స్వామి పటానికి గుడ్డ కప్పినారేందమ్మా?"

"మైల తల్లీ. మా బావ పోయినాడు తొండూరులో. ఈ పొద్దుకు ఎనిమిదో దినం."

అనురాధ కాలు వెనక్కి పోయింది. గడప లోపలున్న కాలు తనంతట తానే బయటికి వచ్చింది. పెదవి తగలని గ్లాసును వసారా బండ మీద పెట్టేసింది. "ముందే చెప్పకపోతివామ్మా. శనివారం మా ఇంట్లోవాళ్లంతా గండికి పోతాండాం. ఇప్పుడు ఇంటికి పోయి తలకు పోసుకోవల్ల."

సిద్దమ్మకు కోపం రాలేదు. ఆమె ఆ కాలినే చూస్తోంది. దుమ్ము పట్టిన చెప్పు, మెట్టె లేని వేలు. ఇన్ని రోజులు ముప్పై ఆరు ఇళ్లలోకి పోయి వచ్చింది తాను. ఏ ఇల్లూ తన కాలును ఇట్లా వెనక్కి లాగలేదు.

"తల్లీ," అంది మెల్లగా. "ఖాళీ ఇంటికి మైల యాడిది?"

అనురాధ కాసేపు గ్లాసు వైపు, కాసేపు పటం వైపు చూసింది. తర్వాత ఫోను తీసి వేలితో పైకీ కిందికీ జరిపింది. "ఇంట్లో లేకపోతే ఎందుకు లేరో రాసేదానికి కారణాలుండాయమ్మా ఇందులో. వలస పోయినారు. అమ్ముకున్నారు. ఇల్లు పూర్తి కాలేదు. ఆస్పత్రిలో ఉండారు. చావనేది లేదు." ఇంకా కిందికి జరిపింది. "ఇతరములు అని ఉండాది."

"అదే రాయి తల్లీ. మేము ఇతరములమే."

అనురాధ నవ్వబోయి ఆపుకుంది. నిలబడే చాలాసేపు రాసింది. గడప మీద కూర్చున్న సిద్దమ్మకు, ఆమె వెనక పొగచూరిన గోడకు, పక్కన నెమరేస్తున్న గొర్రెలకు కలిపి ఒక ఫొటో తీసింది. ముగ్గు లేని నేలకు ఒకటి తీసింది. చున్నీ చుట్టుకుని బండి ఎక్కింది.

ఎక్కింది గానీ స్టార్టు చేయలేదు. పక్కవరస మొదటి ఇంటి ముగ్గు వైపు చూస్తోంది. దిగి, ఆ ఇంటి ముందుకు నడిచింది. పక్కింటి ముందుకు, దాని పక్కింటి ముందుకు. తిరిగి వచ్చింది.

"అమ్మా, ఈ దీపాలన్నీ రోడ్డు దిక్కుకు చూస్తాండాయేంది? మా అమ్మ ఇంటి దిక్కుకు పెడ్తాది."

సిద్దమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"అన్ని ఇండ్ల కాడా ఒకటే ముగ్గు. ఒకటే చెయ్యి."

పక్కింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. దండేల మీద చొక్కాలు కూడా గాలి లేక వేలాడుతున్నాయి. సిద్దమ్మకు ఆ ఇళ్లవాళ్లు ఎవరూ తెలియదు. గుట్ట మీదనుంచి చూసిన చీరల రంగులే తెలుసు. ఆ ఆటోల్లో కూలి పోగొట్టుకుని వచ్చి, ఎండలో కదలకుండా నిలబడి పోయినవాళ్లు. నిజం చెబితే రేపటికి ముప్పై ఆరు తలుపుల మీద కాగితాలుంటాయి. అబద్ధం చెప్పడానికి, మైల నోటితో, గడప మీద కూర్చుని, ఆమెకు నాలుక రాలేదు.

"ఈడికి నీళ్లొస్తే ఎవుళ్ల ముగ్గు వాళ్లే వేసుకుంటారు తల్లీ," అంది.

అనురాధ ఆమె మొహంలోకి చూసింది. ఫోను సంచిలో వేసుకుని, జిప్పు లాగింది. స్కూటీ మలుపు తిరిగాక పక్కింట్లో మిషను మళ్లీ మొదలైంది.

పదకొండో దినానికి సిద్దమ్మ తొండూరు పోయింది. శుక్రవారం మధ్యాహ్నం సంజీవయ్యతో కలిసి తిరిగి వచ్చింది. తలుపు మీది కాగితం చింపేసి ఉంది. ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చింపి పోయారనీ, ఇల్లు నిలబడిందనీ ఖమ్రున్నీసా ఎదురొచ్చి చెప్పింది. సంజీవయ్య గడపకు చేయి ఆనించి కళ్లకద్దుకున్నాడు. ఇల్లు కడగడానికి బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం కూర్చున్నారు. శుక్రవారం కదా. పొద్దు వాలింది. ట్యాంకరు రాలేదు. చేతిబోరు కొట్టి కొట్టి, వచ్చిన నీళ్లతోనే ఇల్లు కడిగారు. తువ్వాలు తీసి స్వామికి దీపం పెట్టారు.

శనివారం తెల్లవారుజామున సిద్దమ్మ తన గడప ముందు నీళ్లు చల్లి ముగ్గు వేసింది. మూడు దీపాలు, మూడూ ఇంట్లోకి చూస్తూ. చివరి గీత కలుపుతుండగా సురేంద్ర బండి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిదీ పాసైనాయత్తా. జనంతో నిండిన కాలనీల లిస్టులో మనది కూడా ఎక్కింది."

"నిన్న ట్యాంకరు రాలేదు నాయనా."

"అది ఇండ్లు కట్టుకునేదానికి ఇచ్చిన ట్యాంకరు గదా. ఇండ్లయిపోయినాయి, జనం చేరిపోయినారని నిలిపేసినారు."

"పైపులైను?"

సురేంద్ర బండి ట్యాంకు మీది దుమ్మును వేలితో గీకాడు. "అది వెనక్కు పోయిందత్తా. ముప్పై ఎనిమిది కాపురాలు ఇప్పుడున్న నీళ్లతోనే జరుగుతాండాయంటే నీళ్లు చాలినట్టే గదా అన్నారంట పైవాళ్లు. నీళ్లు లేక జనం చేరని కాలనీలకు మొదట ఇస్తారంట."

సిద్దమ్మ తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. తెల్లగా ఉన్నాయి. ఆ వేళ్లతోనే కదా ఇంతా చెప్పింది. రోజూ తెల్లారి, ముప్పై ఆరు చోట్ల, చెంబెడు నీళ్లు చల్లి చెప్పింది.

"మూడు నెలలకు మళ్లా చెకింగంట," అన్నాడు సురేంద్ర. "రేపట్నుంచి నువ్వు..."

"మైలుంది నాయనా."

"నీ పదకొండు దినాలు అయిపోయె గదత్తా. మీ ఇంటి ముందర ముగ్గు కనపడ్తానే ఉండాది."

"మా ఇంటిది తీరింది." ఆమె లేచి నడుముకున్న గుత్తి విప్పింది. బండి హ్యాండిలుకు తగిలించింది. "ఆ ఇండ్లవి ఇంకా తీరలేదు. నీళ్లొచ్చిన పొద్దు కడుగుతాం."

సురేంద్ర ఏదో అనబోయాడు. సంజీవయ్య గొర్రెలను బయటికి వదిలాడు. అవి బండిని చుట్టుకుని పారేసరికి అతను కాలు ఎత్తుకుని, తిప్పుకుని పోవలసి వచ్చింది. తాళంచెవుల గలగల వీధి పొడవునా వినిపించింది. ఆ వీధి గడపల ముందు ఖమ్రున్నీసా వేసిన దీపాలు గాలికి చెరిగి, వత్తుల మొనలు మాత్రం మిగిలి, బయటికి చూస్తున్నాయి.

సిద్దమ్మకు గొంతులో దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకుంది.